ముట్టుకుంటే వెలిగే తెర

మూడేళ్ల క్రితం చంద్రగిరి దగ్గర ఒక కొత్త హోటల్ హాలుకు గోడతెర డిజైన్ చేశాను. పట్టులో సన్నని రాగితీగ కలిపి నేసిన ఆ తెర మీద ఎక్కడ చెయ్యి పెడితే అక్కడ దీపాలు వెలుగుతాయి. తీగకు వేళ్లు కోసుకుపోతున్నా వడమాలపేట మునెమ్మక్క నాలుగు నెలలు కూర్చుని దాన్ని మగ్గం మీద నేసింది.

ప్రారంభం రోజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె తెరను తాకబోతుంటే హోటల్ యజమాని కసిరాడు.

"ఏమ్మా, చెయ్యి తీయ్. మాసిపోతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. అతిథులందరి ముందే స్విచ్ ఆపేశాను.

"దీన్ని నేసింది ఈ అక్కే. ముందు ఆమెను ముట్టుకోనిస్తానంటేనే మళ్లీ వేస్తా" అన్నాను.

ఆయన గుమ్మం పక్కనున్న ఇత్తడి ఫలకం చూపించాడు. "దాంట్లో ఆమె పేరు యాడుండాది? నువ్వు రాసిచ్చిందే కదా చెక్కించినాను."

ఫలకం మీద నా పేరొక్కటే ఉంది.

"స్విచ్చెయ్యి పాపా, సూసి పోతా" అంది మునెమ్మక్క.

రెండు చేతులూ తెరకు ఆనించి, నేను స్విచ్ వేశాక దీపాలు వెలిగేదాకా నిలబడింది. తర్వాత నాతో మాట్లాడకుండా బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఫలకం మార్పించాను. ఆ యజమాని మీద నాకిప్పటికీ కోపమే. అంతకంటే ఎక్కువ కోపం నా మీదే.