మంట లేని డబ్బాలు

“నిప్పంటే అంత బయ్యమున్నదానివి, కోళ్లు కాల్సి అమ్ముతానని ఎందుకు బయల్దేరినావే?”

అత్త తవిటమ్మ సత్యకుమారిని ఈ మాట అడిగింది 1994లో, ముంచింగిపుట్టుకు ఆరు కిలోమీటర్ల ఇవతల, రోడ్డు రెండుగా చీలే చోట, కొత్తగా పెట్టిన కొట్టు ముందు, నలుగురూ వింటుండగా. చోడవరం పక్క పల్లె నుంచి ఆ కుటుంబం కొండెక్కింది బతకడానికి. భర్త సన్యాసిరావు కిరాణా సరుకు కోసం వారంలో నాలుగు రోజులు పాడేరు, నర్సీపట్నం తిరుగుతూనే ఉంటాడు. ఉప్పు మీదా సబ్బుబిళ్లల మీదా వచ్చేది ఇంటికి చాలదు. సంతకొచ్చే జీపు డ్రైవర్లూ, మేష్టర్లూ, రోడ్డు కంట్రాక్టర్లూ కాల్చిన కోడి ఉందా అని అడిగి, లేదంటే ముందుకు పోతున్నారు. అందుకని బయల్దేరింది.

భయం మాట మాత్రం నిజం. ఆమెకు ఏడేళ్లప్పుడు, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వాళ్ల వీధిలో పదహారు తాటాకిళ్లు అరగంటలో బూడిదయ్యాయి. కట్టు విప్పే తీరిక లేక ఒక గేదెను పాకలోనే వదిలేశారు. దాని అరుపు ఆమె చెవుల్లోంచి పోలేదు. పొయ్యిలో మంట జానెడు లేస్తే రెండడుగులు వెనక్కి వేస్తుంది. అగ్గిపుల్ల గీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటుంది. భయం మనిషిని కాపాడుతుందని పెద్దలంటారు. పెద్దలు చాలా అంటారు. దేన్ని చూసి భయపడాలో చెప్పినవాళ్లు మాత్రం తక్కువ.

సగానికి కోసిన తారు డ్రమ్ము, దాని మీద ఇనప చువ్వల జాలీ, కింద బొగ్గులు. కోడి బాగానే కాలేది. అయినా జగన్నాథరావు అనే రోడ్డు కంట్రాక్టరు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని పెదవి విరిచాడు.

“ఏటమ్మా ఇది? పొగ వాసనేదీ? బాలింతకి పెట్టే కోడిలాగుంది!”

దాంతో పొగ డబ్బాల తంటా మొదలైంది. అయిదు కిలోల డాల్డా డబ్బాకు మేకుతో చిల్లులు పొడిచి, పనస చెక్కముక్కలు నింపి, నిప్పు వేసి డ్రమ్ములో ఒక మూలన పెట్టాలి. చెప్పినంత తేలిక కాదు. వదులుగా నింపితే భగ్గున మండి కోడి మాడిపోతుంది, సత్యకుమారి పరుగు తీస్తుంది. గట్టిగా దట్టిస్తే పావుగంటలో చల్లారిపోతుంది. తడి కట్టె బాగా పొగ పెడుతుంది కదా అని చెక్కముక్కలు రాత్రంతా నానబెట్టి చూసింది. వచ్చింది ఆవిరి.

దారి చూపించింది కట్టెలు తెచ్చే గాసి. పక్క కొండ మీది గూడెం మనిషి, యాభై దాటినవాడు. ఆమె ఊదీ ఊదీ కళ్లు తుడుచుకోవడం చూసి మోపు దింపి నవ్వాడు.

“నీళ్లు తాగినోడు సుట్ట కాలస్తాడేటి? ఎండుదే ఎయ్యాల. ముందు సగం కాల్సి బొగ్గు పట్టించాల.”

డబ్బా నడుమ వెదురు గొట్టం నిలబెట్టి, చుట్టూ రంపంపొట్టూ ఎండు ముక్కలూ దట్టించి, గొట్టం మెల్లగా పైకి లాగేశాడు. ఆ సందులో ఒక్క నిప్పు కణిక వేశాడు. పైన బూడిద కప్పాడు. గాలి ఆడటానికి అడుగున రెండు రాళ్లు. డబ్బా మూడు గంటలు ఆరలేదు. కోడి పెట్టేటప్పుడు బూడిద కాస్త తొలగించి గుప్పెడు ముక్కలు వేస్తే పొగ. మిగతా సమయమంతా లోపల ఎర్రగా కనలుతూ ఉంటుంది, అంతే. పొగ లేదు, మంట లేదు. సత్యకుమారికి ఆ రెండో సంగతి అన్నిటికన్నా నచ్చింది.

ఒకసారి కట్టెల కోసం గాసి ఇంటికి వెళ్లింది. ఇంటి నడుమ గాడిపొయ్యిలో బూడిద కింద దుంగ కనలుతోంది. పైన మొక్కజొన్న పొత్తులు వేలాడుతున్నాయి, పొగ తగిలితే పురుగు పట్టదని. చుట్టూ పిల్లలు పడుకున్నారు. ఆ పొయ్యి ఏనాడూ ఆరదని గాసి భార్య చెప్పింది. ఇంట్లో పెట్టుకున్నా భయం లేని నిప్పు ఇదేనని సత్యకుమారి నమ్మింది. గడ్డికప్పు పొడవునా పొగ బయటికి పోతోంది. ఆమె అటు చూడలేదు.

ఆమె ఉన్న ఇల్లు వేరు. ఇటుక గోడలు, సిమెంటు పూత, పైన రేకులు. కొండ చలికీ దోమలకీ జడిసి సన్యాసిరావు రేకుకీ గోడకీ మధ్య సందుల్లో సిమెంటు మెత్తించాడు. వెనక గది కిటికీలో గోనెసంచులు కుక్కించాడు. ఏజెన్సీలో చలిగాలి తగిలితే జ్వరం, జ్వరమొస్తే మలేరియా, అది తలకెక్కితే మూడు రోజులు. దిగువ నుంచి వచ్చిన కొట్లవాళ్లందరి వైద్యశాస్త్రం ఇదే. గది ఎంత బిగిస్తే ప్రాణం అంత భద్రం.

1998 ఆగస్టులో ఒక సంత రోజు. జగన్నాథరావు పది కోళ్లు కావాలన్నాడు, రెండు గంటలకల్లా. తెల్లవారినప్పటి నుంచి వాన. అరుగు మీదికి ఏటవాలు జల్లు కొట్టి ఒక డబ్బా చుయ్యిమని ఆరిపోయింది. మిగతా రెండూ ఆరితే పది కోళ్లూ దండగే. సత్యకుమారి వాటిని గుడ్డతో పట్టుకుని వెనక గదిలో పెట్టింది. అక్కడ తొమ్మిదేళ్ల కూతురు అనురాధ ఎక్కాలు రాసుకుంటోంది. తవిటమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“ఎచ్చగుంది, ఉండనీ,” అంది తవిటమ్మ. “ఆ తలుపు మూసెల్లు. ఈదరగాలి.”

పదకొండింటికి అనురాధ తలనొప్పి అంది. సత్యకుమారి నుదురు తాకి చూసింది. వేడి లేదు. వేడి లేకపోవడం ఆమెకు ధైర్యం ఇవ్వలేదు. అంతకు ముందు నెలే పక్క కొట్టువాళ్ల గుంటడు పోయాడు. వాడికీ మొదట తలనొప్పే, తర్వాత వాంతి, ఆ తర్వాత మాట పోయింది. కూతురికి దుప్పటి కప్పింది. కిటికీలో గోనె ఇంకాస్త లోపలికి కుక్కింది. తలుపు దగ్గరగా వేసింది.

బయట కోడిని తిప్పుతోందిగానీ ఆమె చెవులు లోపలే ఉన్నాయి. పన్నెండింటికి లోపల వాంతి చప్పుడు. పరుగెత్తింది. మలేరియా మాత్ర నలిపి పోస్తే అదీ కక్కేసింది.

“అమ్మా, పడుకుంటానే.”

“పడుకోకు. లే, నాతో మాటాడు.”

“పడుకోనీయే దాన్ని,” అంది తవిటమ్మ, కణతలకు అమృతాంజనం రాసుకుంటూ. “నాకూ తల దిమ్ముగుంది. ఈ ఊరి గాలే సెడ్డది.”

లోపల కూర్చున్న కాసేపట్లో సత్యకుమారికి కూడా కణతలు అదిరాయి. బయటికొస్తే కొంచెం తగ్గాయి. భయం వల్ల అనుకుంది. ఒక డబ్బా బయటికి తీసుకెళ్లి, పొట్టు దట్టించి, కొత్త కణిక వేసి మళ్లీ లోపల పెట్టింది. అలా మూడుసార్లు తిరిగింది. తిరిగిన ప్రతిసారీ తలుపు జాగ్రత్తగా మూసింది.

ఒంటిగంటకు పిలిస్తే అనురాధ పలకలేదు. భుజం పట్టి ఊపితే తల పక్కకు వాలింది. తవిటమ్మ లేవబోయి కాళ్లు తేలిపోయి గోడకు జారిగిలబడింది.

“ఇద్దర్నీ ఒకేపాలి పట్టీసిందే! సిల్లంగి పెట్టీసినారే మనకి, సేతబడి!”

సత్యకుమారి అరిచిన అరుపుకు, అప్పుడే చూరు కిందికి చేరిన గాసి మోపు పడేసి వచ్చాడు. గదిలోకి తల పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

“ఏటీ గది? గాలేదీ? కుండలో మూతెట్టినట్టున్నారు!”

కొండ మనిషికి ఏదో గూఢజ్ఞానం ఉండి కనిపెట్టాడని ఎవరూ మురిసిపోనక్కర్లేదు. గాసికి మూసిన గదులు పడవు, అంతే. బస్సెక్కినా టాపు మీదే కూర్చుంటాడు. పిల్లను రెండు చేతులా ఎత్తి అరుగు మీదికి తెచ్చాడు. సంత నుంచి మనుషుల్ని నింపుకొస్తున్న సోములు జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. సోములు పిల్లను చూసి ఎక్కినవాళ్లందర్నీ దింపేశాడు. వాళ్లు వానలో నిలబడి తిట్టారు.

పక్కలకు పరదాల్లేని జీపు. తవిటమ్మను ముందు కూర్చోబెట్టారు. సత్యకుమారి పిల్లను ఒళ్లో పెట్టుకుని, చలిగాలి తగలకుండా దుప్పటి మొహం మీదుగా కప్పింది. కప్పిన దుప్పటి కింద ఊపిరి ఉందో లేదో తెలియక తీసి చూసేది. చూసి మళ్లీ కప్పేది.

“మొఖం మీద తియ్యమ్మా!” సోములు వెనక్కి తిరిగి అరిచాడు. “గుంటకి ఊపిరాడొద్దేటి?”

“సలిగాలి బాబూ, జొరం...”

“జొరం సంగతి డాక్టరమ్మ సూస్తాది. తియ్యి ముందు!”

మలుపులో గాలి విసురుకు దుప్పటి దానంతటదే ఎగిరి రోడ్డు మీద పడింది. సోములు బండి ఆపలేదు. వాన జల్లు నేరుగా పిల్ల మొహం మీద కొట్టింది. ఆ చలికే చచ్చిపోతుందని సత్యకుమారి కొంగు అడ్డం పెట్టబోయింది. అప్పుడు అనురాధ దగ్గింది. మళ్లీ దగ్గి, తల్లి చీర మీద వాంతి చేసుకుని, కళ్లు సగం తెరిచింది. ముందు సీట్లో తవిటమ్మకు నోరు తిరిగి వచ్చింది. “బేగి పోనీరా, ఎద్దుబండి తోల్తన్నావా!” అని సోములును అదిలించింది.

ముంచింగిపుట్టు ఆస్పత్రిలో డాక్టరమ్మ పిల్ల కళ్లు చూసి, గుండె విని, వేలు పొడిచి రక్తం చుక్క తీసింది. తర్వాత అడిగింది.

“గదిలో నిప్పు పెట్టారా?”

“లేదండి. మంట లేదండి.”

“మంట సంగతి అడగలేదు. నిప్పు.”

సత్యకుమారి డబ్బాల మాట చెప్పింది. కిటికీలో గోనె మాట కూడా చెప్పింది. గాలి సరిగ్గా ఆడని చోట బొగ్గు కనలుతుంటే ఒక విషవాయువు పుడుతుందనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ, జ్వరం అనుకుని తలుపులు మూస్తే అది ఇంకా పేరుకుంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. “ఇంకో గంట ఆగి ఉంటే ఇద్దరూ లేచేవాళ్లు కారు,” అంది. ఆక్సిజన్ పెట్టారు. రక్తంలో మలేరియా లేదు.

సాయంత్రానికి అనురాధ అన్నం అడిగింది. అక్కడితో భయం తీరాలి. తీరలేదు, ఎందుకంటే డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ విషం కొందరికి రెండు మూడు వారాల తర్వాత మెదడు మీద పని చేస్తుందట. మతిమరుపు, తడబాటు కనిపిస్తే వెంటనే తీసుకురమ్మంది.

ఇరవై రోజులు సత్యకుమారి రోజూ పొద్దున్నే కూతుర్ని ఎదురుగా నిలబెట్టి పదమూడో ఎక్కం చెప్పించింది. నాలుగో రోజు పదమూడు ఏడుల దగ్గర పిల్ల ఆగిపోయింది. తల్లి చేతిలోని చెంబు జారి పడింది.

“అది దానికి ఎప్పుడూ రాదే!” అన్నాడు సన్యాసిరావు. “కావాలంటే మేష్టర్ని అడుగు.”

ఆమె అదే పూట బడికి నడిచి వెళ్లి అడిగింది. రాదన్నాడు మేష్టరు. అయినా పిల్ల నడకలో ఒక్క అడుగు తడబడినా, పిలవగానే పలక్కపోయినా ఆమె మళ్లీ ఎక్కం చెప్పించేది. ఇరవై ఒకటో రోజు గడిచింది. నెల గడిచింది. పిల్లకు ఏమీ కాలేదు.

కిటికీలో గోనెలు ఆమె తనే పీకేసింది. రేకుల కింద సిమెంటు గునపంతో కొట్టించింది. చలికాలమంతా తవిటమ్మ వణుకుతూ తిట్టింది. పొగ డబ్బాలు గడప దాటి లోపలికి రాలేదు. వాన పడితే ఆ రోజు కోళ్లు లేవు, జగన్నాథరావు వచ్చి అడిగినా లేవు.

సోములు ఆ రోజు జీపుకు నాలుగు వందలు అడిగాడు. ఆరు కిలోమీటర్లకు నాలుగు వందలేమిటని సన్యాసిరావు వాదించాడు. దింపేసిన పద్నాలుగు మంది చార్జీలు ఎవరిస్తారని సోములు ఎదురడిగాడు. సత్యకుమారి తన చేతిలో ఉన్న రెండు వందల యాభై ఇచ్చింది. 2003లో కూడా మిగతా నూట యాభై బాకీగానే ఉంది.