ఆదివారం దిష్టి

దెయ్యాలు, గాలులు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వులాటే. నర్సీపట్నంలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. కరెంటు కంటికి కనపడదు, కానీ ముట్టుకుంటే కొడుతుంది. దెయ్యం ఆపాటి పని కూడా చేయదని కస్టమర్లను ఆటపట్టించేవాడిని.

నా గుండె పాడైతే విశాఖలో వేరొకరి గుండె పెట్టారు. ఎవరిదో చెప్పరు, అది రూలు. ఇంటికొచ్చాక కొన్నాళ్లు బాగానే ఉన్నాను. తర్వాత లయ తప్పడం మొదలైంది. ఉన్నట్టుండి దడదడలాడేది, మధ్యలో ఓ దెబ్బ ఎగిరిపోయేది. ఒళ్లు కొత్త గుండెను ఒప్పుకోవడం లేదేమోనని డాక్టరుగారు పరీక్షలు చేయించారు. అదేం లేదన్నారు. మందులు మార్చినా తగ్గలేదు. ఇక బతకనేమోనని భయపడ్డాను.

గుండె లయను నమోదు చేసే రికార్డరు ఒంటికి కట్టి ఇంటికి పంపారు. అది చూసి డాక్టరుగారు, "ఆదివారం సందెవేళ ఏం చేశారండీ? లయ తప్పింది అప్పుడే" అని అడిగారు.

ఏమీ చేయలేదు. కుర్చీలో కూర్చున్నాను, మా అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. ఆపరేషనైన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం తీస్తోంది.

అదే చెబితే ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. మిరపకాయల ఘాటు అనుకుందామంటే, అమ్మ వాటిని కాల్చదు, వీధి చివర పారేస్తుంది. నా బెదురే అనుకుందామంటే, మార్చిన గుండెకు నరాలు తెగిపోయి ఉంటాయట, మన భయం దానికి ఆలస్యంగా తెలుస్తుందట. వైరు కోసేసిన మోటారు స్విచ్చు మాట వినదు కదా.

తర్వాతి ఆదివారం చెవులు రిక్కించి కూర్చున్నాను. అమ్మ గుప్పెడు తిప్పుతూ ఎప్పటిలాగే అంది: "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నా కొడుకు ఒంట్లో పరాయిది ఏటున్నా బేగి బయటికి పో!"

ఆ మాటతోనే గుండె గింజుకుంది.

"అమ్మా, నా ఒంట్లో పరాయిది ఒకటే ఉంది" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. గుప్పెట్లో ఉప్పు కింద పడింది. కాసేపు ఏడ్చి, మళ్లీ ఉప్పు తెచ్చి, ఈసారి నా ఛాతీ ముందు తిప్పింది.

"ఏ తల్లి బిడ్డవో నాయనా, తెలీక పొమ్మన్నాను. ఎక్కడికీ ఎల్లకు. నీకు దిష్టి తియ్యడానికి మీ అమ్మ ఇక్కడ లేదు గదా, నేను తీస్తాను."

మళ్లీ లయ తప్పలేదు. మందు అప్పటికి పట్టిందని డాక్టరుగారంటారు. కావచ్చు, నేను మాత్రలు మానలేదు. కానీ ఆ ఆదివారాల సంగతేమిటో ఆయనా చెప్పలేకపోయారు, నాకూ ఇప్పటికీ అంతుపట్టలేదు.

అమ్మ ఇప్పుడు రెండుసార్లు దిష్టి తీస్తుంది, ఒకసారి నాకు, ఒకసారి ఆ గుండెకు. అది అబ్బాయిదో అమ్మాయిదో కూడా మనకు తెలీదు కదమ్మా అన్నాను ఓసారి.

"ఎవులైతే ఏటిరా, మనింటి మనిషే గదా" అంది.