బడిలో తోడేలు ఊళ

మా పంతులమ్మ పోయారు. పోయిన బుధవారం మార్కాపురం నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ తెల్లారుజామున నిద్రలోనే పోయింది" అని చెప్పింది. నేను వెళ్లేసరికి వాకిట్లో చాపల మీద కూర్చున్నవాళ్లలో సగంమంది తలలు నెరిసినవాళ్లే. అందరం ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లమే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఆమె మా ఊరు వచ్చారు. అర్ధవీడు దగ్గర, అడవి అంచున, మేకలూ గొర్రెలూ కాసుకునే ఊరు మాది. బడి అంటే ఒక కొట్టం, ఆమె ఒక్కరే టీచరు. పలకలు చేసే మార్కాపురంలో పుట్టిన మనిషి కదా, వచ్చేటప్పుడు విరిగిన పలక ముక్కలు ఒక గోతాం నిండా బండిలో వేసుకొచ్చారు.

వాచకంలో 'ఒ'కు ఒంటె బొమ్మ ఉండేది. మేమెవరమూ ఒంటెను చూడలేదు. "మూపు మీద ఆ గడ్డేంది పంతులమ్మా?" అని అడిగాను.

"నాకూ తెలియదే. నేనూ చూడలేదు" అని నవ్వి పుస్తకం మూసేశారు. "మీరు చూసిన జీవాల పేర్లు చెప్పండి."

ఇక కొట్టం హోరెత్తిపోయింది. ఉడుము, ఎలుగుబంటి, ఏదుపంది, అలుగు, కణితి. ఆమె ఒక్కో ముక్క మీద ఒక్కో పేరు మొదటి అక్షరం రాశారు. "పేరు పలకండి. మొదట నోరు ఎట్ల తిరిగిందో చూసుకోండి" అనేవారు. ఉడుము అంటే పెదవులు ముందుకొస్తాయి, అది ఉ. ఎలుగుబంటిలో ఎ చటుక్కున ఆగుతుంది, ఏదుపందిలో ఏ సాగుతుంది. దీర్ఘం అనే మాట వినకముందే అదేమిటో మా నోటికి తెలిసింది. 'ఒ'కు మాత్రం మా అడవిలో ఏ జీవమూ దొరకలేదు. "పోనీ, ఒంటెనే ఉండనీ పాపం" అన్నారు.

కొట్టడం ఆమె ఎరగరు. తప్పు రాస్తే చెరిపేవారు కాదు. పక్కనే ఒప్పు రాసి, "రెండూ చదువు, నీ చెవే చెబుతుంది" అనేవారు. బల్లి కనబడితే మాత్రం కుర్చీ ఎక్కేసేవారు. మేమే దాన్ని తోలేవాళ్లం.

మేకలు ఈనే రోజులొచ్చాయి. ఒక పొద్దున మా నాయన చేతికర్రతో కొట్టం ముందు నిలబడ్డాడు.

"పిల్లను పంపమ్మా. మంద కాడ మనిషి లేదు. ఇంక బడికి రాదు."

పంతులమ్మ బతిమాలలేదు, వాదించలేదు.

"తీసుకుపో అన్నా. ఒక్క పని చేసిపో. ఈ పొద్దు తోడేలు పాఠం. దాని ఊళ నాకు చేతకాదు. పిల్లలకు ఒకసారి వినిపిస్తావా?"

"బడిలో అరిచేదేందమ్మా!" నాయన సిగ్గుపడ్డాడు. పిల్లలు "మామా, పెదనాయనా" అంటూ చుట్టుముట్టారు. చివరికి కర్ర గోడకానించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మెడెత్తి ఊళ వేశాడు. వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. ఎవరిదో మేకపిల్ల తాడు తెంచుకుని పరుగెత్తింది. అప్పుడు అందరం విరగబడి నవ్వాం. నాయనా నవ్వాడు.

"ఇప్పుడు దాని పేరు చెప్పన్నా. నోట్లోంచి ముందు ఏం వచ్చింది?"

"తో."

పలక ముక్క మీద రాసి ఆయన చేతికిచ్చారు. "ఇదే అది."

నాయన ఆ గీతల వెంట వేలు పోనిచ్చాడు. "ఇంతేనా? ఇన్నాళ్లూ ఇదేదో మనకందేది కాదనుకుంటి" అన్నాడు. పోతూ పోతూ నా వైపు తిరిగి, "పొద్దెక్కినాక మందకు రా. అందాకా ఈడనే ఉండు" అన్నాడు.

ఆ సగం పూట చదువుతోనే పై తరగతులకు వెళ్లాను, టీచరునై కొనకనమిట్లలో చాలాకాలం పనిచేశాను. అంతా మీ చలవే అని ఒకసారి ఆమెతో అంటే, "నేను చేసిందేముంది? మీ నాయన గొంతు మంచిది" అన్నారు.

కిందటి ఎండాకాలం చివరిసారి చూశాను. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. వాళ్ల ఇల్లు ఊరి చివర, బీళ్ల పక్కన. సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని నాతో మాట్లాడుతున్నారు. బీడులో ఏదో పిట్ట కూసింది. ఆమె మాట ఆపేశారు.

"కౌజు" అన్నారు మెల్లగా. నేనేదో అనబోయాను. "ఉండు, దాని జోడు పలకాల" అని చెయ్యెత్తారు.

ఇద్దరం బీడు వైపు తిరిగి కూర్చున్నాం. రెండో కూత ఎంతకీ రాలేదు. ఆమె చెయ్యి దించలేదు.