బట్టీ వాకిలి మీద చెయ్యి

మా పెద్దనాయన మంగళవారం ఉదయం కన్నుమూశారు. కబురు వచ్చేసరికి నేను బజారులో మా అంగడిలో ఒక ఊరగాయ జాడీకి ఎండుగడ్డి చుట్టి పురికొస కడుతున్నాను. ఫోన్‌లో పెద్దమ్మ, “మీ పెద్దనాయన పొయ్యినాడు అమ్మణ్ణీ” అంది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అట్లాగే ఉండిపోయారట. నేను “సరే పెద్దమ్మా” అన్నాను. ఫోన్ పెట్టేసి ముడి వేయడం పూర్తి చేశాను. జాడీ కొనుక్కున్నామెకు చిల్లర కూడా సరిగ్గానే ఇచ్చి, ఆ తర్వాత అంగడి తలుపులు వేశాను. ఇదేదో గొప్ప అని చెప్పడం లేదు. ఆ పూట నా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఏడవలేదేమని చాలామంది అడిగారు. నాకూ తెలియదు. ఇంటికి పోయాక ఎవరో నా చేతికి వేడి కాఫీ గ్లాసు ఇస్తే, అది పట్టుకుని చాలాసేపు నిలబడ్డానట. సాయంత్రం చూసుకుంటే రెండు వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. పట్టుకున్నప్పుడు కాలుతున్నట్టే తెలియలేదు.

ఆయన గురించి మీకు కొంచెం చెప్పాలి. పాండిచ్చేరిలో సోలై నగర్ దాటి ఉత్తరంగా పోతే, పిళ్ళైచావడి ఇంకా రాకముందే, రోడ్డు పక్కన ఎర్రటి పాత పొగగొట్టం ఒకటి కనిపిస్తుంది. అదే మా జాడీల కంపెనీ. పెద్దనాయన తాత ఫ్రెంచివాళ్ళ కాలంలో పెట్టాడు. దొరల ఇళ్ళకు నీళ్ళ జాడీలు, సర్కారు కచేరీలకు సిరాబుడ్లు, ఊరి కాలవలకు గొట్టాలు అన్నీ అక్కడి బట్టీలోనే కాలేవి. దొరలు పోయారు, సిరాబుడ్లు పోయాయి, ఊరగాయ జాడీలు మిగిలాయి. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడడానికే గాని రాయడానికి కాదు. పెద్దనాయన ఉత్తరాలు అరవంలో, సంతకం ఫ్రెంచిలో, తిట్లు తెలుగులో. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి చదివాను కాబట్టి నాకు ఈ అక్షరాలు వచ్చాయి. ఇది ఆయన బతికుండి చూసినా చదవలేరు. “ఏంది రాసినావు, చదువు” అనేవారు. చదవడం మొదలుపెడితే సగంలో లేచి మట్టి చూడడానికి పోయేవారు.

చెప్పుల్లేకుండానే కంపెనీ అంతా తిరిగేవారు. ఏ జాడీ కనిపించినా వేలి ఉంగరంతో ఒకసారి కొట్టి, తల పక్కకు వంచి వినేవారు. పెళ్ళిళ్ళకు పోయినా వాళ్ళ వంటింట్లో దూరి జాడీలు కొట్టి చూస్తారని పెద్దమ్మ నెత్తి కొట్టుకునేది. చీలిన సరుకు ఒక్కటి కూడా అమ్మేవారు కాదు. కాస్త సొట్టపోయిన కప్పులు మాత్రం ఇంటికి తెచ్చుకునేవారు. మా ఇంట్లో తిన్నగా నిలబడే కప్పు ఒక్కటీ ఉండేది కాదు. “అమ్మేవాడు జాడీ బయట చూపిస్తాడు, కొనేవాడు లోపల చెయ్యి పెడతాడు” అని అంగడిలో నాకు మొదటిరోజే చెప్పారు.

బట్టీని ఆయన సూళ అనేవారు. సూళకి ఆకలి తీరడానికి మూడు దినాలు, కోపం తీరడానికి నాలుగు దినాలు అని లెక్క. పచ్చి జాడీలన్నీ లోపల పేర్చాక వాకిలికి ఇటుకలు అడ్డం కట్టి, పైన తడిమట్టి మెత్తుతారు. ఆ మట్టి ఆరకముందే పెద్దనాయన తన కుడి అరచెయ్యి దాని మీద గట్టిగా అదిమేవారు. ఆయన తాత కాలం నుంచీ అది వాడుక. చిన్నప్పుడెప్పుడో చెట్టు మీంచి పడి ఆయన చిటికెనవేలు వంకర పోయింది. మట్టిలో కూడా ఆ వంకర అట్లాగే పడేది. మూడు రోజులు మంట పెట్టి ఆపేశాక, రోజూ ఉదయం వచ్చి అదే గుర్తులో చెయ్యి పెట్టి చూసేవారు. చేతికి వేడి తెలిసినంతవరకు ఆ వాకిలి ఎవరూ ముట్టుకోకూడదు. చేతికి ఏమీ తెలియకపోతే అప్పుడు తెరవాలి. ఇంతే శాస్త్రం.

నేను ఆ వాడుక చెడగొట్టినదాన్ని. ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. ఆయన ఉండగా చెప్పనివ్వలేదు.

ఊరి పేరు పాండిచ్చేరి పోయి పుదుచ్చేరి అయిన రోజులవి. ఊరగాయ కంపెనీలన్నీ ప్లాస్టిక్ డ్రమ్ములకు మారిపోయాయి. అదే సమయంలో ఫ్రెంచి వీధుల్లో పాత ఇళ్ళు ఒక్కొక్కటే హోటళ్ళవుతున్నాయి. వాళ్ళకు ఆ కాలపు జాడీలు, పళ్ళాలు, కూజాలు కావాలి. అడిగినంత ఇచ్చేట్టున్నారు, కానీ మాకున్నది తాత కట్టిన ఒక్క బట్టీ. గ్యాస్‌తో నడిచే రెండోది కడితే కంపెనీ నిలుస్తుంది, లేకపోతే ఇవాళ కాకపోతే రేపు మూసేయాలి. బ్యాంకువాళ్ళు స్థలం కాగితాలు ఫ్రెంచిలో ఉన్నాయని తిప్పి పంపారు. అప్పుడు నేనే చెన్నైలో పాత వ్యాపారాల్లో పెట్టుబడి పెట్టే ముగ్గురిని వెతికి పట్టుకున్నాను. లాప్‌టాప్‌లో బొమ్మలు చేర్చి ప్రాజెక్ట్ రిపోర్ట్ తయారుచేశాను.

“హెరిటేజ్ అంటే ఏంది?” అన్నారు పెద్దనాయన, దానిమీద వేలు పెట్టి.

“పాతది అని, పెద్దనాయనా.”

“పాతదంటే పాతది అనే రాయొచ్చు కదా. ఇట్ట రాస్తే దుడ్డు ఎక్కువిస్తారా?”

“ఇస్తారు.”

“అట్లయితే రొంబ పెద్దగా రాయి” అన్నారు. అప్పటికే రెండో బట్టీకి పునాది గుంత తవ్వించి పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం దాని గట్టు మీద కూర్చుని సొట్ట కప్పులో కాఫీ తాగేవారు.

ఆ ముగ్గురూ సోమవారం వస్తామన్నారు. ఆదివారానికి బట్టీ చల్లారుతుంది, వాళ్ళ ఎదురుగానే తెరిచి చూపిద్దామని అనుకున్నాం. గురువారం ఫోన్ చేసి, వేరే పని పడింది, శనివారమే వస్తామన్నారు. పెద్దనాయన తాపీగా, “చల్లార్లేదు, చల్లారినాక రమ్మను” అన్నారు. రమ్మంటే మళ్ళీ వస్తారా? వాళ్ళ దగ్గరికి మనలాంటివాళ్ళు ఎంతమంది పోతుంటారు? సరేనని ఫోన్‌లో వాళ్ళకు మాట ఇచ్చేశాను.

మరునాడు అరవవాళ్ళ ఆడి నెల శుక్రవారం. వీరాంపట్టినంలో అమ్మవారి తేరు చూడడానికి పెద్దనాయన పొద్దున్నే పోయారు. నేను బట్టీ మేస్త్రీని పిలిచి వాకిలి విప్పమన్నాను. మేస్త్రీ తమిళుడు, ముప్ఫై ఏళ్ళుగా మా పెద్దనాయన తిట్లు విని విని తెలుగు నేర్చుకున్నవాడు. “అయ్యా చెయ్యి పెట్టలేదే అమ్మా” అన్నాడు.

“పెద్దనాయన చెప్పిపోయారు, విప్పు” అన్నాను.

అబద్ధం. ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో.

మేస్త్రీ ఇటుకలు ఒక్కొక్కటే తీశాడు. ఆయన చెయ్యి గుర్తు ఉన్న మట్టి పెళ్ళలుగా రాలి కింద పడింది. కాసేపటికి లోపల్నించి సన్నగా చప్పుడు మొదలైంది, ఎవరో గాజులు సర్దుకుంటున్నట్టు. బాగుందే అనుకున్నాను కూడా. మేస్త్రీ తలపాగా తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. చల్లగాలి తగిలి జాడీలు చిట్లుతున్న చప్పుడు అది. తెరిచినదాన్ని మళ్ళీ మూసినా లాభం లేదన్నాడు.

శనివారం ఆ ముగ్గురూ వచ్చారు. పెద్దనాయన కూడా ఇంటి నుంచి నేరుగా అప్పుడే వచ్చారు. తెరిచి ఉన్న వాకిలిని, కింద మట్టిపెళ్ళల్ని, తర్వాత మేస్త్రీని, తర్వాత నన్ను చూశారు. బట్టీలోంచి తీసిన మొదటి జాడీని నీళ్ళతో నింపి మెట్టు మీద పెట్టడం మా కంపెనీ మర్యాద. చూడడానికి జాడీ నిగనిగలాడుతూనే ఉంది. పెద్దనాయన దాన్ని ఉంగరంతో కొట్టలేదు. నీళ్ళు నింపి పెట్టారు. మాటలు నడుస్తుండగానే జాడీ కింద నేల తడిసింది. నీళ్ళు పాక్కుంటూ ఆ ముగ్గురిలో పెద్దాయన బూటు దాకా వచ్చాయి. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు.

“నేనే తెరవమన్నాను” అన్నారు పెద్దనాయన, అరవంలో. “మీరు వస్తున్నారని తొందరపడ్డాను. తప్పు నాది.”

ఆ చెన్నై పెద్దాయన మర్యాదగానే అడిగారు. “ఇన్నేళ్ళ అనుభవమున్న మీకే ఇట్లా అయితే, మా డబ్బుతో కట్టే బట్టీని ఎవరి చేతిలో పెట్టమంటారు?” పెద్దనాయన దగ్గర జవాబు ఉంది. పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. నేనూ నోరు తెరవలేదు.

కారు వెళ్ళిపోయాక, “పెద్దనాయనా, నేనే…” అన్నాను.

“తెలుసు మే. అన్నం తిన్నావా?”

“నువ్వు చెప్పావని చెప్పాను.”

“జాడీ దించేటప్పుడు మేస్త్రీ చెప్పినాడు. నా మాటని చెప్పినాక అది నా మాటే కదా. పో, పొయ్యి తిను.”

వారం తర్వాత, పెట్టుబడి పెట్టలేమని ఉత్తరం వచ్చింది. రెండో బట్టీ కట్టలేదు. ఆ పునాది గుంతలో ఆయన మట్టి నానబెట్టడం మొదలుపెట్టారు, గుంత ఊరికే ఎందుకు పోవాలని. కంపెనీ మూతపడలేదు గాని పెరగనూ లేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఒక్కసారి, ఒక్క పండగ పూట కూడా ఆయన నన్ను దెప్పలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. అందరినీ అన్ని తిట్లు తిట్టే మనిషి నాకొక్క తిట్టు మిగల్చలేదు.

ఆ తర్వాతి బట్టీకి వాకిలి మెత్తినప్పుడు నన్ను పిలిచారు. తన చెయ్యి అదిమి, పక్కన చోటు చూపించి, “నీ చెయ్యి గూడా పెట్టు” అన్నారు. పెట్టాను. “ఇంక నువ్వు తెరవాలంటే నీ చెయ్యి నువ్వే పగలగొట్టుకోవాల” అని నవ్వారు. అప్పట్నుంచి ప్రతి బట్టీకి రెండు చేతులు పడేవి. రోజూ ఉదయం ఆయన గుర్తులో ఆయన, నా గుర్తులో నేను చేతులు పెట్టి నిలబడేవాళ్ళం. “ఏంది, తెలస్తా ఉండాదా?” అని అడిగేవారు. నేను లేదన్నా ఆయన చేతికి ఇంకా తెలుస్తూ ఉండేది. ఎప్పుడూ నాకంటే ఒక దినం ఆలస్యంగానే ఒప్పుకునేవారు.

ఆయన పోవడానికి ముందు బుధవారం కూడా వాకిలి మెత్తి చేతులు పెట్టాం. శనివారం మంట ఆపారు. మంగళవారం ఆయన పోయారు. గురువారం మేస్త్రీ ఇంటికి వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, “సూళ చల్లారినట్టే ఉండాదమ్మా. అయ్యా చెయ్యి లేదు. మీరొచ్చి చూసి చెప్పండి” అన్నాడు.

పోయి నా గుర్తులో చెయ్యి పెట్టాను. ఏమీ తెలియలేదు. బొబ్బలున్న వేళ్ళతో ఇంకా గట్టిగా అదిమాను. అప్పుడూ తెలియలేదు. చల్లారింది బట్టీయో నా చెయ్యో చెప్పలేకపోయాను. మేస్త్రీ తనూ చెయ్యి పెట్టి చూసి, “చల్లగానే ఉండాదమ్మా” అన్నాడు.

“ఇంకో దినం ఉండనీ” అన్నాను.

శుక్రవారం అదే మాట అన్నాను. శనివారమూ అదే. ఇవాళ ఆదివారం. హోటలువాళ్ళు వాళ్ళ కూజాల కోసం రెండుసార్లు ఫోన్ చేశారు. వాకిలి మీద మట్టి అంతా ఎండి నెరలు విచ్చింది. రెండు చేతులు పక్కపక్కన అట్లాగే ఉన్నాయి, ఒకదానికి చిటికెనవేలు వంకర.