రొట్టె మీద ఒట్టు

ఉల్కాన్ అక్క రొట్టె ముట్టదు. తినకపోవడం వేరు, ఈమె అసలు ముట్టనే ముట్టదు. మా కుట్టు షెడ్డులో మధ్యాహ్నం టీకి గుడ్డ పరిచి, తందూరు రొట్టె తుంచి అందరి ముందూ పెట్టేది ఎవరో ఒకరు, ఆమె మాత్రం కాదు. ఒకసారి గుడ్డ మీద రొట్టె బోర్లా పడి ఉంది. పక్కనే కూర్చుని కూడా తను తిప్పలేదు. కత్తిరింపు బల్ల దగ్గరున్న నన్ను పిలిచింది.

"బూరుల్, ఇలా రావే. రొట్టె బోర్లా ఉంది, మహాపాపం."

నాకు ఒళ్ళు మండింది. చేతిలో కత్తెర, ముందు నలభై పొరల గుడ్డ. "నీ చేతులు ఎక్కడికి పోయాయి అక్కా?" అన్నాను.

"నా చేతులకి అది పడదులే" అంది.

షుగరనుకున్నాం. కడుపులో పుండన్నది ఇంకొకామె. తొమ్మిదేళ్ళు ఒకే చోట పనిచేస్తే మనిషి గురించి అంతా తెలుసనుకుంటాం గానీ, నిజానికి నాకు తెలిసింది ఇంతే: అరవై రెండేళ్ళు, సొంతూరు టోక్‌మోక్, మొగుడు పోయాక ఈ బిష్కెక్ నగరానికి వచ్చి ఒక్క గదిలో ఉంటోంది, కోట్లకు బొత్తాలు కుడుతుంది. మిషను కుట్టిన బొత్తాన్ని కూడా ఒకసారి లాగి చూసి, చేత్తో మళ్ళీ బిగిస్తుంది. "ఊడితే ఎదురుగా ఉన్నవాళ్ళనే తిడతారే, మిషన్ని తిట్టరు" అనేది. చాదస్తం అనుకునేదాన్ని.

ఈ చలికాలం మా షెడ్డుకి ఒక సీరియల్ జబ్బు పట్టుకుంది. తొంభైల్లో జనం డబ్బు మింగేసి మూతపడ్డ ఒక ఫండు కథ. మంగళవారం టీవీలో వస్తుంది. చూస్తే చూశారు, అంతటితో పోదే! మర్నాడు టీ దగ్గర జిపార్ ఫోను తీసి, దాని కింద లోకమంతా రాసిన అభిప్రాయాలు చదువుతుంది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద కూర్చునే పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి, నోటికి తాళం లేదు. మావాళ్ళకి సీరియల్ కన్నా ఈ చదువుడే ఎక్కువ ఇష్టం.

ఆ బుధవారం కూడా మొదలుపెట్టింది.

"ఇది వినండి. 'పోలీసాయన ఒక్క పూటలో ఫైలు వెతికి పట్టుకున్నాడట. నా పింఛను కాగితం పద్నాలుగు నెలలుగా దొరకడం లేదు, ఆయన్ని మా ఆఫీసుకి పంపండి.'"

అందరూ నవ్వారు.

"'ఆ ఫండు డైరెక్టరు వేసుకున్న కోటు ఆ రోజుల్లో లేదు. దోర్దోయ్ బజారులో కోట్లు అమ్మినదాన్ని, నాకు తెలుసు.'"

"నిజమే" అన్నాను. కోట్ల సంగతి వస్తే నేనూరుకోను. "ఆ కాలరు కోత మొన్న మొన్న వచ్చింది."

తర్వాత అసలు గొడవలోకి వచ్చింది. ముందు రోజు భాగంలో ఫండు కిటికీ దగ్గర జనం గుమిగూడతారు. కిటికీ వెనక కేషియరు పిల్ల రొట్టె చేత్తో పట్టుకుని, రొట్టె మీద ఒట్టు, మీ డబ్బు భద్రం అంటుంది. ఆ సాయంత్రమే సంచితో డైరెక్టరు కారెక్కి పారిపోతుంది.

"'ఇది రాసినవాడు మనవాడు కాదు. రొట్టె పట్టుకుని అబద్ధమాడే మనిషి మనలో ఉంటుందా?' దాని కింద ఒకాయన రాశాడు చూడండి: 'ఎందుకుండదు? మా ఊళ్ళో అచ్చం ఇలాగే అయింది. మా నాన్న ఆ ఒట్టు విని ఇంటికొచ్చి, ఆ పూటే ఆవుని అమ్మి కట్టాడు.' ఇంకొకామె: 'మా అమ్మ అక్కడితో టీవీ కట్టేసి లేచి వెళ్ళిపోయింది.'"

జిపార్ గొంతు సవరించుకుంది. "ఇక నా అభిప్రాయం. నాలుగు వందల పన్నెండు లైకులు! 'ఆ కేషియరు రొట్టెకి మొహం వాచిపోవాలి. బతికినన్నాళ్ళూ దానికి రొట్టె ముక్క దక్కకూడదు.'"

ఉల్కాన్ అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తలేదు.

"అది జరుగుతూనే ఉందే తల్లీ" అంది. "ఇరవై ఎనిమిదేళ్ళుగా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పింది, అలసిపోయిన గొంతుతో.

"నేను పారిపోలేదు. కారూ లేదు, సంచీ లేదు. డైరెక్టరు పొద్దున్నే పిలిచి, డబ్బంతా బ్యాంకులో ఉంది, జనానికి సర్దిచెప్పు అన్నాడు. నమ్మాను. మా అమ్మ డబ్బు కూడా అందులోనే ఉంది మరి. మధ్యాహ్నానికని తెచ్చుకున్న రొట్టె ఉంటే, తీసి పట్టుకుని ఒట్టేశాను. జనం చల్లబడ్డారు. కొందరైతే ఇంకా కట్టారు. మర్నాటికి డైరెక్టరు లేడు. నేను మాత్రం మూడు రోజులు ఆ కిటికీ వెనకే కూర్చున్నాను. మూడో రోజు ఒక ముసలాయన వచ్చాడు. గుడ్డలో చుట్టిన రొట్టె నా ముందు పెట్టి, 'ఉంచుకో అమ్మాయ్, మళ్ళీ ఒట్టేయడానికి పనికొస్తుంది' అని వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది."

నాకు ఏడుపొచ్చింది. నీ చేతులు ఎక్కడికి పోయాయని అడిగినదాన్ని నేనే కదా.

జిపార్ మొహం మాడిపోయింది. "అక్కా, నేను అన్నది సీరియల్‌లో దాన్ని. నీ మీదొట్టు... ఛ, తీసేస్తున్నాను, ఇదిగో."

"తీసేస్తే ఏమొస్తుంది, నాలుగు వందల మంది చదివేశారుగా. ఆ ఆవునమ్మినాయన కొడుకు... ఏ ఊరని ఉంది?"

జిపార్ చూసింది. "టోక్‌మోక్."

ఉల్కాన్ అక్క సూది కింద పెట్టింది. "అతని మాట కింద ఒక ముక్క రాయి. మీ కేషియరు పారిపోలేదు, మూడు రోజులు అక్కడే ఉంది అని. పేరొద్దు. ఆ ఒక్కడు నమ్మితే నాకు చాలు."

తొమ్మిదేళ్ళలో ఆమె తనకోసం ఎవరినీ ఏదీ అడగడం నేను చూడలేదు. జిపార్ రాసింది. మా కప్పుల్లో టీ అయిపోకముందే జవాబొచ్చింది. చదవమంటే చదవదు. నేనే ఫోను లాక్కుని చదివాను.

'మూడు రోజులు ఉందా? నిజమైతే రొట్టె మీద ఒట్టేసి చెప్పు.'

"వేస్తుందని రాయనా అక్కా?" అంది జిపార్. "ఒక్క మాటే కదా, నమ్మేస్తాడు."

"వద్దు. ఒకసారి వేశాను, చాలు."

"ఈసారి నిజమేగా!"

"అప్పుడూ నిజమే అనుకున్నాను."

నాకు కోపం ఆగలేదు. ఆ కొడుకు మీదో, ఆ డైరెక్టరు మీదో, సీరియల్ తీసినవాళ్ళ మీదో తెలియదు. గుడ్డ మీది రొట్టె చేతిలోకి తీసుకున్నాను. "నువ్వు వేయకపోతే నేను వేస్తాను. రాయవే జిపార్! బూరుల్ అనే ఆమె, ఇదిగో రొట్టె పట్టుకుని..."

ఉల్కాన్ అక్క చటుక్కున లేచి నా చేతిలోంచి రొట్టె లాగేసుకుంది. "నువ్వు చూశావా? ఆ కిటికీ దగ్గర నువ్వున్నావా?"

"లేను. నువ్వు చెప్పావుగా!"

"నాకూ డైరెక్టరు చెప్పాడు."

రొట్టె ఆమె చేతిలో ఉందని ముందు చూసింది జిపార్, తర్వాత మేమంతా, ఆఖరున ఆమె. బోర్లా పడకుండా రెండు చేతులతో దాన్ని గుడ్డ మీద పెట్టి, ఉల్కాన్ అక్క మళ్ళీ సూది కోసం వెతుక్కుంది.