మా బావి పక్కన మూడు ఇంటూ గుర్తులు

మొన్న ఆదివారం మా కూతురి కూతురూ ఆమె భర్తా బ్యాంకాక్ నుంచి దిగారు. వియత్నాం వెళ్ళి వస్తూ దారిలో రెండు రోజులు అక్కడ ఆగారట. వీపుల మీద సంచులు, ఎండకు కమిలిన ముక్కులు. కాళ్ళు కూడా కడుక్కోకుండా నా పక్కన కూర్చుని ఫోన్‌లో ఫోటోలు చూపించడం మొదలుపెట్టారు. పడవల్లో పోసుకుని అమ్మే పండ్లు, రోడ్డు మీదే పొయ్యిలు, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టున్న దుకాణాలు, నూనెలో వేగుతున్న ఏవో పురుగులు. చివర్లో ఒక ఫోటోలో వాళ్ళు దిగిన లాడ్జి యజమానురాలు. బల్ల వెనక కూర్చుని కళ్ళు చిన్నవి చేసి, ఫోటో తీస్తున్నవాళ్ళనే కొలుస్తోంది. "మూడుసార్లు పాస్‌పోర్టు అడిగింది అమ్మమ్మా, మేమేదో ఎత్తుకుపోతమన్నట్టు" అని మనవరాలు మూతి ముడుచుకుంది. నాకు నవ్వొచ్చింది. ఆ చూపు నేనెరుగుదును. నా పంతొమ్మిదో ఏట నాచారంలో మా ఇంటి గడప మీద అదే చూపు నాలుగు రోజులు కాపలా కాసింది.

ఆ చూపు మా మేనత్తది. నాన్నకు పెద్దక్క. చిన్న వయసులోనే భర్త పోతే మాతోనే ఉండిపోయింది. చాలా ఏళ్ళు సికింద్రాబాద్‌లో ఒక కాన్పుల దవాఖానాలో ఆయాగా చేసి, అప్పటికి మానేసి రెండేళ్ళయింది. ఆమె అనుమానించని ప్రాణి లేదు. పాలాయన సరే, అందరూ అనుమానించేవాడే. కోడి వరసగా రెండు రోజులు గుడ్డు పెట్టకపోతే, ఎక్కడో దాస్తోందని దాని వెంట పెరడంతా తిరిగేది. పాస్టరుగారు ప్రార్థన కాస్త పొడిగిస్తే, ఆ వారం ఆయన ఏదో తప్పు చేసే ఉంటాడనేది. మా అమ్మ నెమ్మదస్తురాలు, వినీ విననట్టు ఊరుకునేది. నాన్న నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని చేసేవాడు, మా చర్చి సంఘంలో పెద్ద కూడా. ఆయన అక్కకు పూర్తిగా విరుద్ధం. తెల్లగా కనిపించిందల్లా పాలేనని నమ్మేవాడు.

అందుకే ఆ సాయంత్రం ఉప్పల్ అంగడికి వెళ్ళినవాడు కూరగాయలతో పాటు ఇద్దరు తెల్లవాళ్ళను, ఒక మొగుడూ పెళ్ళాన్ని, కూడా వెంటబెట్టుకొచ్చాడు. వరంగల్ వైపు నుంచి బస్సులో వస్తూంటే ఘట్‌కేసర్ దాటినప్పటి నుంచి ఆమెకు ఒకటే వాంతులట. తట్టుకోలేక ఉప్పల్‌లో దిగిపోయి రోడ్డు పక్కన కూలబడితే చుట్టూ జనం మూగారు. నాన్న జనాన్ని తప్పించి, వాళ్ళ సంచులు సైకిల్‌కు కట్టి, నాచారం దాకా నడిపించుకొచ్చాడు. ఆయన లెక్కలో తెల్లవాళ్ళంటే మిషనరీల చుట్టాలే. మా ముందుగది ఖాళీగా ఉండేది, అందులో దింపాడు. ఆ వచ్చినాయన పొడుగు, గడ్డం, ఎర్రటి చెవులు. ఆమె సన్నగా, వాడిన తోటకూర కాడలా ఉంది. హాలండ్ వాళ్ళట. ఆమె తేరుకోగానే మద్రాసు వెళ్ళి ఓడెక్కి, పినాంగ్ మీదుగా బ్యాంకాక్ చేరాలన్నది వాళ్ళ ఆలోచన.

టీచర్ ట్రైనింగ్ చదువుతున్న నేనే ఇంట్లో ఇంగ్లీషుకు దిక్కు. నేను చెప్పే అనువాదాల్లో మొదటి రోజు నుంచే కల్తీ ఉంది. ఏ చర్చికి పోతారో కనుక్కోమన్నాడు నాన్న. ఏ చర్చికీ పోమనీ, దేవుడి మీద నమ్మకం లేదనీ అతను హాయిగా నవ్వుతూ చెప్పాడు. "ఊర్ల పెద్ద చర్చికి పోతరంట నాయనా" అన్నాను నేను. నాన్న ముఖం వెలిగిపోయింది. మేనత్త ముఖం మాత్రం నావైపు తిరిగి అక్కడే ఆగింది.

"పెండ్లయినోళ్ళేనా వీళ్ళు? మెడల లేదు, వేలికి లేదు" అంది ఆమె నన్ను వంటింట్లోకి లాగి. "ఎన్నేండ్లయిందో అడుగు. ఇద్దర్ని ఒక్కతాన అడగకు."

విడివిడిగా అడిగాను. అతను మూడేళ్ళన్నాడు, ఆమె ఏడాదన్నది. కలిసి ఉండటం మూడేళ్ళ నుంచి, పెళ్ళి మాత్రం నిరుడు. అది మా ఇంట్లో చెప్పగలిగిన సంగతి కాదు. ఇద్దరూ మూడేళ్ళే అన్నారని చెప్పేశాను.

ఆ రోజుల్లో అనుమానానికి మా అత్తే అక్కర్లేదు, గాలిలోనే ఉండేది. సరిహద్దులో యుద్ధం ముగిసి రెండు మూడు నెలలే అయింది. కొత్త మనిషి కనిపిస్తే గూఢచారి కావచ్చని సినిమా హాలు వరసలో కూడా మాట్లాడుకునేవారు. అలాంటప్పుడు ఈ పొడుగాయన తెల్లవారగానే ఒక నోటుపుస్తకం పట్టుకుని బయలుదేరేవాడు. చిల్కానగర్ వైపు పొలాల గట్లు, ఉప్పల్ నాలుగు రోడ్లు, ఫ్యాక్టరీ గోడల వెంబడి కుళాయిలు. ఎక్కడో ఆగి ఏదో గీసేవాడు, తాటిచెట్టు నీడన నిలబడి ఏదో రాసేవాడు. మా వెనకింటి మామ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడో రోజు పొద్దున అతను బావి దగ్గర స్నానం చేస్తుంటే, గట్టు మీదున్న ఆ పుస్తకం తీసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, సదువుకున్నదానివి. ఏం రాసిండో జర సూడు."

విప్పి చూశాను. మా ఇళ్ళూ దారులూ అన్నీ ఉన్నాయి, ముద్దుగా గీశాడు. అక్కడక్కడ చిన్న సున్నాలు, సున్నాల పక్కన ఇంటూ గుర్తులు. మా బావి పక్కన ఏకంగా మూడు. కింద పేజీల నిండా రాత. అందులో ఒక్క ముక్క నాకు తెలియలేదు. అది ఇంగ్లీషు కాదు, వాళ్ళ భాష. ఆ మాటే చెప్పి పుస్తకం ఇచ్చేస్తే సరిపోయేది. కాని అప్పటికి మామతో పాటు మరో నలుగురు వాకిట్లో చేరారు. చదువుకున్న పిల్ల ఏం చెబుతుందా అని అందరూ నా ముఖం చూస్తున్నారు. నాకు రాదని చెప్పడానికి నోరు పెగల్లేదు.

"సమజ్ కాకుండ రాసిండు మామా" అన్నాను.

ఎవరికి సమజ్ కాకుండానో చెప్పలేదు. వాళ్ళకు అంతే చాలింది. మధ్యాహ్నానికి ఇద్దరు పోలీసులు వచ్చి ఆ దంపతులను ఠాణాకు తీసుకుపోయారు. కొట్టలేదు, తిట్టలేదు, రమ్మన్నారంతే. ఆమె వాకిట్లో ఒకసారి తూలి, అరుగు పట్టుకుని నిలదొక్కుకుని, నన్ను చూసింది. ఏం జరిగిందని ఇంగ్లీషులో అడిగింది. నాకు వినపడనట్టు నిలబడ్డాను.

నాన్న డ్యూటీలో ఉన్నాడు. చర్చి ఊడవడానికి పోయిన మేనత్త తిరిగొచ్చి సంగతి విని, చీపురు మూలకు విసిరింది. వాళ్ళను పట్టించినందుకు సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చెప్పులేసుకుంటోంది.

"కడుపుతోనున్న పిల్లను ఠాణాల కూసబెడ్తరా? నడు."

ముందురోజే ఆమె నాతో అంది, ఈ పిల్లకు నీళ్ళు పడక కాదు, ఉల్లిగడ్డ తాళింపు వాసనకే బయటికి ఉరుకుతోంది, చాయ్ ముట్టదు, పట్టపగలు నిద్ర, అడుగు అని. అలాంటి సంగతి అడిగే ఇంగ్లీషు నా పాఠాల్లో లేదు. ఆమెను అడగబోయి, సిగ్గుపడి వదిలేశాను.

ఉప్పల్ దాకా ఎండలో నడిచాం. సగం దారిలో నేను ఆగలేకపోయాను. ఆ రాత నాకు రానే రాదనీ, ఒక్క అక్షరం చదవలేదనీ చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. మేనత్త ఆగి, కళ్ళు చిన్నవి చేసి నన్ను చూసింది.

"పొద్దటి సంది నాకు నీ మీద్నే అనుమానం" అంది. "ఇంగ్లీషు సదివితే నీ పెదువులు కదుల్తయి. గా బుక్కు సూసినప్పుడు కదలలే."

మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

ఠాణాలో వాళ్ళిద్దరూ బెంచీ మీద ఉన్నారు. ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. మామ గుమ్మం దగ్గర గొప్పగా నిలబడ్డాడు. ఎస్సై గుంటూరు వైపు మనిషి, పుస్తకం ముందేసుకుని తల పట్టుకున్నాడు. "నువ్వే కదమ్మా చదివింది?" అన్నాడు నన్ను చూసి. చదవలేదు సార్ అన్నాను. అది ఇంగ్లీషు కాదనీ, రాదని చెప్పుకోలేక అలా అన్నాననీ మామ ఎదుటే చెప్పాను. మామ నేలకేసి చూశాడు. ఎస్సై నన్ను తిట్టకుండా, సరే అయితే అతన్నే అడుగు, అతనన్నది అన్నట్టే చెప్పు అన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో ఉన్నదున్నట్టు చెప్పడం నాకదే మొదటిసారి. సున్నాలంటే బావులూ కుళాయిలూ. ఎక్కడి నీళ్ళు తాగాక ఆమెకు వాంతి అయితే అక్కడ ఇంటూ గుర్తు. ఏ నీళ్ళలో దోషముందో తేల్చుకుని, దాన్ని వదిలేసి మంచిది వెతుకుదామని అతని ఆరాటం. చివరికి అన్నింటికీ గుర్తులు పడ్డాయి. అన్నిటికన్నా మా బావిదే ఎక్కువ తప్పని తేల్చాడు. మేము వాళ్ళను అనుమానించినన్ని రోజులూ, వాళ్ళు మా నీళ్ళను అనుమానించారన్నమాట.

మా బావిని ఎవరైనా అంటే మేనత్త ఊరుకునే మనిషి కాదు. "నీళ్ళ తప్పు గాదు సారూ" అని వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. మణికట్టు పట్టుకుంది, కనురెప్ప కిందికి లాగి చూసింది. తర్వాత నావైపు చూసి, నాకు మాట దొరకదని గ్రహించి, తనే రెండు చేతులూ ఒడిలా కలిపి మెల్లగా ఊపింది. ఆ పిల్ల కాసేపు ఆ చేతులను చూసింది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. భర్తకు తమ భాషలో రెండే మాటలు చెప్పింది. అప్పటిదాకా లేచి నిలబడి తన లెక్క వివరిస్తున్న అంత పొడుగు మనిషి బెంచీ మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఎస్సై ఏదో ఫైలు వెతుక్కునే నెపంతో అటు తిరిగి, అందరికీ చాయ్ చెప్పాడు. ఆమెకు చాయ్ వద్దని, నిమ్మకాయ షర్బత్ తెప్పించమని మేనత్త ఆయనకే పని పురమాయించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆ దంపతులను క్షమించమని అడిగాను. ఆమె నా చేయి పట్టుకుని, నిన్న తనను అడగబోయి సిగ్గుపడి మానేసింది ఇదేనా అంది. అవునన్నాను. ఇద్దరం నవ్వాం, నాకు కొంచెం ఏడుపు కూడా వచ్చింది. మర్నాడు సికింద్రాబాద్ బయలుదేరారు. మద్రాసుకా, వెనక్కి తమ ఊరికా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆమె తన సంచి భుజానికెత్తుకోబోతే మేనత్త లాక్కుని అతని ఛాతీకి తగిలించింది. "ఇగ నువ్వే మొయ్యి" అంది తెలుగులోనే. అనువాదం అక్కర్లేకపోయింది. ముందొకటి, వెనకొకటి వేసుకుని అతను గర్భవతిలాగే నడుచుకుంటూ పోయాడు.

ఉత్తరం రాస్తామన్నారు. రాలేదు. మేనత్త బతికినన్నాళ్ళూ పోస్ట్‌మన్‌ను అనుమానించింది. ఆడపిల్లో మగపిల్లవాడో తెలియకుండానే పోయింది. ఆ బిడ్డకిప్పుడు యాభై దాటి ఉంటాయి, జుట్టు నెరిసి ఉంటుంది, మనవలు కూడా ఉన్నారేమో. ఆ లెక్క వేయడం నాకూ వచ్చు. కాని కళ్ళు మూసుకుంటే ఆ బిడ్డ ఇంకా పుట్టలేదు. ఇన్నేళ్ళూ గడిచిపోయింది మాకే, ఆ ఠాణా బెంచీ మీద ఇంకా ఆ మధ్యాహ్నమే.