పుంగనూరుకు వచ్చిన 403

2008వ సంవత్సరం. పుంగనూరు బస్టాండు ఎదురు సందులో నాకు ఒక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. మదనపల్లెలో ఎంసీఏ చదివి, ఊరికి తిరిగొచ్చి పెట్టుకున్న కొట్టు. ప్లైవుడ్ అరల మధ్య కంప్యూటర్లు, మూలన ఒక ప్రింటరు, కరెంటు పోయినప్పుడల్లా కుయ్యోమని ఏడ్చే యూపీఎస్. హాల్ టికెట్ల కోసం, పరీక్షా ఫలితాల కోసం, ఉద్యోగాల దరఖాస్తుల కోసం జనం వచ్చేవాళ్లు. నాకు నోరెక్కువని ఊళ్లో పేరు. "ఆయమ్మ దగ్గరికి పోతాండావా? అరుస్తాది, కానీ పని చేసి పెడతాది" అని చెప్పి మరీ పంపించేవాళ్లు.

పేజీ తెరుచుకోకపోతే మామూలుగా సెంటర్ వాళ్లు రిఫ్రెష్ నొక్కీ నొక్కీ ఆ కీ మీద అక్షరాలు అరగదీస్తారు. నేను మాత్రం ఆదేశాలు టైపు చేసే నల్లతెర తెరిచి కర్ల్ అనే ప్రోగ్రాం నడిపేదాన్ని. బ్రౌజర్ చేసే పనే అదీ చేస్తుంది. ఒక వెబ్‌సైటుకు అభ్యర్థన పంపి, వచ్చిన జవాబు తెచ్చి మన ముందు పెడుతుంది. కాకపోతే దాంట్లో బొమ్మలూ రంగులూ ఉండవు, దాపరికమూ ఉండదు. ఆదేశం పక్కన మైనస్ గుర్తు, దాని వెంట ఒక అక్షరం చేరిస్తే అది పనిచేసే తీరు మారుతుంది. వాటిని ఆప్షన్లంటాం. మైనస్ వి అంటే మనకూ ఆ వెబ్‌సైటు నడిపే సర్వర్‌కూ మధ్య నడిచే మాటలన్నీ చూపించమని. మైనస్ ఎమ్ పెట్టి అంకె ఇస్తే అన్ని సెకండ్లే ఆగి, జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయమని. మైనస్ ఎక్స్ అంటే నేరుగా పోకుండా ఫలానా మిషన్ గుండా పొమ్మని. జవాబు మొదట్లోనే ఒక అంకె వస్తుంది. 200 వస్తే అడిగినదానికి జవాబు దొరికినట్టు, 403 వస్తే నీకు లోపలికి ప్రవేశం లేదన్నట్టు. ఈ కథకు ఇంతమాత్రం తెలిస్తే చాలు.

మునిరత్నం సదుం దగ్గరి ఒక పల్లె బడిలో విద్యా వలంటీరు. అంటే ప్రతి ఎండాకాలం ఊడిపోయి, బళ్లు తెరిచాక మళ్లీ దొరికితే దొరికే ఉద్యోగం. తండ్రి లేడు. తల్లి గంగులమ్మ వేరుశెనగ చేలల్లో కూలికి పోయి అతన్ని డిగ్రీ దాకా చదివించింది. ఆ ఏడాది ప్రభుత్వ హాస్టళ్లలో వార్డెన్ పోస్టులకు ప్రకటన పడింది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చేయాలి. మునిరత్నానికి అదే ఆఖరి అవకాశం. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇక ఏ ప్రకటన వచ్చినా పక్కన నిలబడి చూడటమే. అతను రాత్రింబవళ్లు చదివాడు. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గరే ప్రింటు తీసుకునేవాడు, అందుకే నాకు తెలుసు. పరీక్షంటూ రాస్తే గట్టెక్కుతాడని నాకు నమ్మకం.

గడువు ఆఖరు రోజు శుక్రవారం. సాయంత్రం ఐదుకు సైటు మూసేస్తారు. తల్లీకొడుకులు పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి, నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఫీజు కట్టిన రశీదు, ఫొటో, సంతకం అన్నీ సిద్ధం. పదకొండుకల్లా వివరాలన్నీ నింపేశాడు. చివరి బటన్ ఒక్కటే మిగిలింది. నేను కర్ల్‌తో చూశాను. 200, అదీ ఒక్క సెకండు పట్టకుండానే. దారి ఖాళీగా ఉంది.

"మునిరత్నం, నొక్కెయ్యప్పా. ఇప్పుడు బాగుంది."

"ఉండండి మేడం. రాహుకాలం నడస్తాంది. పన్నెండుకు పోతాది."

గంగులమ్మ గుమ్మం పక్క బెంచీ మీద నుంచి అందుకుంది. "అవునుమా. ఇన్నాళ్లు ఓర్సుకున్నాము, గంటసేపు ఓర్సుకోలేమా?"

"హైదరాబాదులో ఉండే సర్వర్‌కు రాహుకాలం యాడుంటుందమ్మా?" అన్నాను.

"దానికి లేకపోతే పాయె. మావాడికి ఉండాది గదా!"

కొట్టంతా నవ్వింది. చూస్తే ఒక్క మునిరత్నమే కాదు, ప్రతి అరలోనూ అదే తంతు. ఫారాలు నింపుకుని, చేతులు కట్టుకుని, గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు అందరూ. నేను అరిచాను, బతిమాలాను, మళ్లీ అరిచాను. దేవుడి లెక్కల దగ్గర నా నోరు కూడా చెల్లలేదు.

పన్నెండు కొట్టింది. "ఒత్తురా నాయనా" అంది గంగులమ్మ, కళ్లు మూసుకుని. మునిరత్నం అందరికన్నా ముందు నొక్కాడు. వెంటనే మిగతా అరల్లోంచి క్లిక్కులు వినిపించాయి. అతని తెర తెల్లబడింది, పేజీ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగతావాళ్ల తెరల మీద ఆ సగం కూడా రాలేదు.

రద్దీ అనుకున్నాను మొదట. మైనస్ ఎమ్ పెట్టి ముప్పై సెకండ్లు ఆగమన్నాను. ఆగాల్సిన పనే పడలేదు, జవాబు టక్కున వచ్చిపడింది. మైనస్ వి పెట్టి చూశాను. మన అభ్యర్థన సర్వర్ దాకా పోతోంది, అది వింటోంది, విని 403 అంటోంది. రద్దీ అయితే సర్వర్ నోరు మెదపదు, మనల్ని వేలాడదీస్తుంది. ఇది అది కాదు. మనం ఎవరమో చూసి మరీ తలుపు వేసుకుంది.

నా ఎంసీఏ క్లాస్‌మేట్ వేలు అప్పుడు కుప్పంలో ఒక కాలేజీ ల్యాబ్ చూసుకునేవాడు. ఫోన్ చేసి, నేను ఇచ్చిన ఆదేశమే అక్షరం పొల్లుపోకుండా అక్కడ కొట్టమన్నాను.

"200 వస్తాంది భారతీ. ఈడ బాగనే తెరుసుకుంటాంది."

"మీ ఊళ్లో జనం లేరా? ఆఖరు రోజు కదా?"

"ఈపొద్దు యాడ జనం? మొన్న అమాస గదా, ఈడోళ్లంతా ఆ పొద్దే వేసేసినారు. మా పక్క అరవోళ్ల పద్ధతి, అమాస శానా మంచిదంటారు."

అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్లో బహుళ పక్షమంతా వాయిదా వేస్తారు, అమావాస్య నాడైతే ఎవరూ కొత్త పని ముట్టుకోరు. మర్నాడు పాడ్యమి, అదీ పనికిరాదు. ఇక మిగిలింది విదియ, శుక్రవారం, ఆఖరు రోజు. అందులో మళ్లీ రాహుకాలం. పుంగనూరులో ఉండే సెంటర్లన్నింటికీ నెట్ ఇచ్చేది ఒకే కేబుల్ ఆపరేటరు. బయటి ప్రపంచానికి ఊరంతా కలిపి ఒకే చిరునామాగా కనిపిస్తుంది. నా కొట్లో లాగే అన్ని సెంటర్లలోనూ జనం పంచాంగం చూసుకుని కూర్చున్నారు. గడియారం పన్నెండు కొట్టగానే ఊరు ఊరంతా ఒక్కసారిగా నొక్కింది. అక్కడి సర్వర్‌కు అది ఎలా కనబడి ఉంటుంది? ఒకే ఇంట్లోంచి ఒక్కసారిగా రాళ్ల వాన. ఎవడో దాడి చేస్తున్నాడనుకుని ఆ చిరునామాను నిషేధించింది. మనం మంచి ఘడియ అనుకున్నది దానికి దొంగల దండు అయింది.

"వేలూ, నీ మిషన్‌ను ప్రాక్సీగా పెట్టు. దాని గుండా నేను వస్తా" అన్నాను. ప్రాక్సీ అంటే మధ్యవర్తి. నేను అడిగేది వాడి మిషన్ అడుగుతుంది, జవాబు నాకు అందిస్తుంది. సర్వర్‌కు మాత్రం అడిగినవాడు కుప్పంలో ఉన్నట్టే కనిపిస్తుంది. వేలు పాపం అన్నం తినబోయేవాడల్లా లేచి పెట్టాడు. మైనస్ ఎక్స్ వేసి, కుప్పం చిరునామా ఇచ్చి కొట్టాను. 200! కొట్లో ఎవరో ఈల వేశారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. బ్రౌజర్లన్నింటిలోనూ అదే ప్రాక్సీ పెట్టాను.

మొదట మునిరత్నాన్నే కూర్చోబెట్టాను. రశీదు నంబరు కొట్టాడు. పేజీ వచ్చింది. "ఈ రశీదు నంబరుపై దరఖాస్తు ప్రస్తుతం నమోదవుతోంది. అది పూర్తయ్యాక ప్రయత్నించండి" అని దాని సారాంశం.

పన్నెండుకు నొక్కిన ఆ మొదటి నొక్కు సగం లోపలికి పోయింది. ఆ తర్వాత తలుపు పడింది. అతని నంబరును సర్వర్ పట్టుకుని కూర్చుంది, మిగతా సగం కోసం. ఆ మిగతా సగం ఇక ఎప్పటికీ రాదు. కర్ల్‌తో అడిగాను, అదే మాట. అంకె చూస్తే 200. తలుపు తెరిచారు, కూర్చోమన్నారు, పని మాత్రం కాదన్నారు.

మిగతావాళ్ల పని, కబురు తెలిసి పక్క సెంటర్ల నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ల పని మాత్రం అయిపోతూ వచ్చింది. వాళ్ల నొక్కులు గుమ్మం దగ్గరే తన్నించుకుని వెనక్కి వచ్చాయి కాబట్టి వాళ్ల నంబర్లు ఎక్కడా చిక్కుకోలేదు. కుప్పం గుండా ఒక్కొక్కరే వేసుకుని, ప్రింటు తీసుకుని, "పనైపోయింది మేడం" అని మునిరత్నం వైపు చూడలేక చూస్తూ వెళ్లిపోయారు. అందరికన్నా ముందు వచ్చినవాడు, ముందు నొక్కినవాడు మిగిలిపోయాడు.

సైటు నడిపే కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. నాలుగు దాటాక ఒకమ్మాయి ఎత్తింది.

"మీ ఏరియాలో నెట్ ప్రాబ్లం మేడమ్. బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేసి మళ్లీ ట్రై చేయండి."

"తల్లీ, నెట్ ప్రాబ్లం కాదు. మీ సర్వర్ మా ఊరిని బ్లాక్ చేసింది. నా దగ్గర రుజువుంది, చదువుతా విను. ఒకతని నంబరు మీ దగ్గర సగంలో ఇరుక్కుంది. అది విడిపిస్తే చాలు."

"మాకు ఇక్కడ సైట్ ఓపెన్ అవుతోంది మేడమ్."

"మీకు అవుతుందమ్మా! మీరుండేది పుంగనూరులో కాదు కదా!"

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ దొరకలేదు. ఐదైంది. అప్పుడు కూడా కర్ల్ 200 అనే అంది, లోపల గడువు ముగిసిందని రాసి ఉంది. మునిరత్నం కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మీరు శానా కష్టపడినారు మేడం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఊరుకునే రకం కాదు. మైనస్ వి చూపించిందంతా ప్రింటు తీసి, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని మదనపల్లెలో హాస్టళ్లు చూసే శాఖ కార్యాలయానికి పోయాను. అక్కడి అధికారి మంచివాడే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, కాగితాలు తిరగేశాడు, హైదరాబాదుకు ఫోన్ కూడా చేశాడు. పెట్టేశాక నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఆ పొద్దు మధ్యాన్నమంతా సర్వర్ బాగనే పన్జేసిందంట. మీ పక్క నుంచే శానా అప్లికేషన్లు వచ్చినాయంట, కుప్పం నుంచి."

"సార్, అవి కుప్పంవి కాదు. నా కొట్లోవే. పుంగనూరులో దారి మూసేస్తే నేనే కుప్పం గుండా పంపినాను."

"అదేందమ్మా, పుంగనూరులో కూర్చోని కుప్పం నుంచి ఎట్ల పంపుతారు? మీరు చెప్పేది నాకే అర్థం కాలే, పైవాళ్లకు నేనేం చెప్పేది?"

మళ్లీ చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. ఆయన తల ఊపాడు, జాలిగానే ఊపాడు. ఎవరెవరిని గట్టెక్కించానో వాళ్ల దరఖాస్తులే మునిరత్నానికి ఎదురు సాక్ష్యమయ్యాయి. ఏ సర్వర్ ఎక్కడ అడ్డం పడిందో వేలెత్తి చూపించే సాధనం నా చేతిలో ఉంది. చూడాల్సినవాళ్లు చూడకపోతే అది ఉండీ ఏం లాభం? బస్సెక్కి తిరిగొచ్చాం. ఛీ, ఈ చదువెందుకు అనిపించింది నాకు.

ఆ ఎండాకాలం మునిరత్నం బడి ఉద్యోగం మామూలుగానే ఊడింది. బళ్లు తెరిచాక మళ్లీ అడగడానికి అతను పోలేదు. బెంగళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. పరీక్షలు జరిగిపోయాయి. నా కొట్లోంచి వేసినవాళ్లలో ఒకరిద్దరికి ఉద్యోగాలు కూడా వచ్చాయి, స్వీట్లు తెచ్చిచ్చారు. తినబుద్ధి కాలేదు.

ఆ తర్వాత ఈ పనిలో చాలా ఏళ్లున్నాను. ఏ సైటు ఎందుకు తెరుచుకోలేదని ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పాను, వాళ్లకు నచ్చినా నచ్చకపోయినా. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు కూడా అదే చెప్పేదాన్ని, సర్వర్ ఏమంటే అదే చెప్పండి, మెత్తబరచకండి అని. జవాబు తెలిసి కూడా అబద్ధం చెప్పింది ఒక్కసారే.

ఆ ఏడే వానలు మొదలయ్యాక ఒకరోజు గంగులమ్మ వచ్చింది. కొట్లో ఎవరూ లేరు. బెంచీ మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఒక్క మాట అడిగిపోదామని వస్తిమా. ఆ పొద్దు నువ్వు నొక్కమన్నెప్పుడే వాడు నొక్కుంటే, పనైపోయుండునా?"

పదకొండు గంటలకు చూసిన 200 నా కళ్ల ముందే ఉంది.

"లేదమ్మా" అన్నాను. "ఎప్పుడు నొక్కినా అంతే. తప్పంతా ఆ మిషన్‌దే."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"వాడూ అచ్చం ఇదే మాట సెప్పినాడు" అంది. "ఇద్దురూ ఇంత జాగ్రత్తగా ఒకే మాట సెప్తాండారంటే, తప్పు నాదేలే."

కొంగు నెత్తిన కప్పుకుని వానలోనే సదుం బస్సుకు వెళ్లిపోయింది.